దీపం మోసే సమాచారం.. ఖర్చు ఎంత? ఆదా ఎంత?

* గది వెలుతురుతోనే సమాచార ప్రసారం
* ‘వెలిగే దీపానికి వేరే ఖర్చేముంది’ అన్న వాదనలో సగమే నిజం
* ఎలక్ట్రానిక్ భాగాల వినియోగం కలిపితేనే అసలు లెక్క

గదిని వెలిగించే ఎల్‌ఈడీ దీపం అదే వెలుతురుతో కంప్యూటరుకు, సెల్‌ఫోనుకు సమాచారాన్ని కూడా చేరవేయగలదు. శాస్త్ర పరిభాషలో దీనిని దృశ్యకాంతి సమాచార ప్రసారం అంటారు. లైఫై అన్న పేరుతో ఇది సామాన్యులకూ కొంత పరిచయమైంది. రేడియో తరంగాలతో పనిచేసే వైఫైకి ఇది తోడుగా, కొన్నిచోట్ల బదులుగా నిలుస్తుందన్నది పరిశోధకుల ఆశ. ఈ పరిజ్ఞానం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే మాట ఒకటుంది. వెలుతురు కోసం దీపం ఎలాగూ వెలుగుతుంది కనుక సమాచారం పంపడానికి వేరే విద్యుత్తు అక్కరలేదన్నదే ఆ మాట.

వినడానికి ఇంపుగా ఉన్న ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. కాంతి ఉచితంగా లభించవచ్చు. కానీ ఆ కాంతిని సమాచారంగా మలిచే పరికరాలు విద్యుత్తును ఉచితంగా వాడుకోవు. పాఠశాలలు, ఆసుపత్రులు, కార్యాలయాలు కొత్త దీపాలు అమర్చుకునే వేళ ఈ తేడా తెలియకపోతే ఆదా అనుకున్నది అదనపు బిల్లుగా మారే అవకాశం ఉంది.

ఆలోచన పాతదే..

వెలుతురుతో మాట పంపాలన్న ఆలోచన ఈనాటిది కాదు. టెలిఫోనును రూపొందించిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ తన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కలిసి 1880లో ఫొటోఫోన్ అనే పరికరాన్ని తయారు చేశారు. మాట్లాడే మనిషి గొంతుకు అనుగుణంగా ఒక పలుచని అద్దం కంపిస్తుంది. దానిపై పడి పరావర్తనం చెందిన సూర్యకాంతి ఆ కంపనాలను మోసుకుపోతుంది. అవతలి వైపు సెలీనియం ఘటం ఆ కాంతిలోని హెచ్చుతగ్గులను తిరిగి శబ్దంగా మార్చేందుకు తోడ్పడుతుంది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఒక పాఠశాల భవనం పైనుంచి సుమారు 213 మీటర్ల దూరానికి ఈ విధంగా మాటను పంపగలిగారు.

పంపే వైపు ఒక్క వాటు విద్యుత్తు కూడా ఖర్చు కాకపోవడం ఆ పరికరంలోని విశేషం. సూర్యుడు వెలుగునిచ్చాడు, గొంతు అద్దాన్ని కదిపింది. అయితే మబ్బు పట్టినా, ఎవరైనా అడ్డం వచ్చినా మాట ఆగిపోయేది. కాంతితో సమాచారం పంపడంలోని మేలు, ఇబ్బంది రెండూ ఆనాడే బయటపడ్డాయి.

ఆ తరువాత శతాబ్దానికి పైగా ఈ ఆలోచన ఇళ్లలోకి రాలేదు. అందుకు తగిన దీపం లేకపోవడమే కారణం. జపాన్‌కు చెందిన ఇసాము అకసాకి, హిరోషి అమనో, జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన షుజి నకమురా చేసిన కృషితో 1990వ దశకంలో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ రూపుదిద్దుకుంది. దాని ఆధారంగా తెల్లని ఎల్‌ఈడీ దీపం వచ్చింది. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. తెల్లని ఎల్‌ఈడీని దీపంగాను, ప్రసార సాధనంగాను ఒకేసారి వాడవచ్చని 2000 ప్రాంతంలో జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయంలో మసావో నకగావా బృందం ప్రతిపాదించి, గదిలో కాంతి ఎలా వ్యాపిస్తుందో, ఎంత సమాచారం మోయగలదో లెక్కలు కట్టింది. 2011లో ఎడిన్‌బరోలో జరిగిన టెడ్ గ్లోబల్ వేదికపై ఆచార్య హెరాల్డ్ హాస్ ఒక బల్లదీపం కాంతితో వీడియోను ప్రసారం చేసి చూపారు. లైఫై అన్న పేరు ప్రాచుర్యంలోకి వచ్చింది ఆయన వల్లనే.

కంటికి అందని మిణుకు

ఎల్‌ఈడీ అర్ధవాహక పరికరం. విద్యుత్ ప్రవాహం పెరిగితే కాంతి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఈ మార్పు సెకనులో లక్షల సార్లు జరిగినా అది తట్టుకోగలదు. వెలుతురు పెరిగినప్పుడు ఒకటి, తగ్గినప్పుడు సున్నా అని ఒప్పందం చేసుకుంటే కంప్యూటరు భాష మొత్తం ఆ మిణుకులలో ఇమిడిపోతుంది. సెకనుకు 200 సార్లకు మించిన మిణుకు కంటికి ఇబ్బంది కలిగించదని ఈ రంగంలో 2011లో వెలువడిన ఐఈఈఈ 802.15.7 ప్రమాణం పరిగణిస్తోంది. సమాచారం మోసే మిణుకులు అంతకంటే వేల రెట్లు వేగవంతమైనవి. అందువల్ల గదిలో కూర్చున్నవారికి దీపం నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. ఫోటోడయోడ్ అనే చిన్న గ్రాహకం మాత్రం ఆ మార్పులను పసిగట్టి తిరిగి సమాచారంగా మారుస్తుంది.

పాతకాలపు తీగ బల్బుకు ఈ పని చేతకాదు. వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ చల్లబడటానికి వ్యవధి పడుతుంది. పైగా అది తీసుకునే విద్యుత్తులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. ఎల్‌ఈడీ రాకతోనే అటు విద్యుత్తు ఆదా, ఇటు సమాచార ప్రసారం రెండూ ఒకే దీపంలో సాధ్యమయ్యాయి.

మన దేశంలో 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. తెలుగు పల్లెల్లోనూ తీగ బల్బు దాదాపు కనుమరుగైంది. ఇన్ని కోట్ల దీపాలు సమాచార కేంద్రాలుగా మారవచ్చన్న ఆశ అక్కడి నుంచే పుట్టింది. అయితే ఇంట్లో ఇప్పుడున్న బల్బు ఉన్నది ఉన్నట్టుగా ఈ పనికి పనికిరాదు. ఎల్‌ఈడీకి విద్యుత్తును అందించే డ్రైవర్ అనే సర్క్యూట్ దానిలో ఉంటుంది. ప్రవాహంలో హెచ్చుతగ్గులు లేకుండా నిలకడగా ఉంచడమే దాని పని. సమాచార ప్రసారానికి కావలసినది సరిగ్గా దీనికి విరుద్ధం. కాబట్టి డ్రైవర్‌ను మార్చక తప్పదు. ఖర్చు లెక్క అక్కడే మొదలవుతుంది.

ఒకే దీపం.. మూడు లెక్కలు

వాహనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో చూసినట్టే, సమాచార ప్రసారంలో ఒక జౌలు శక్తికి ఎన్ని బిట్లు పంపగలిగామన్నది చూస్తారు. ఒక వాటు సామర్థ్యంతో ఒక సెకను పని జరిగితే ఖర్చయ్యే శక్తి ఒక జౌలు. సులభంగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం.

9 వాట్ల ఎల్‌ఈడీ దీపానికి సమాచారం పంపే సర్క్యూట్లు అమర్చగా అదనంగా 2 వాట్లు ఖర్చయిందనుకుందాం. సెకనుకు 50 మెగాబిట్ల సమాచారం అందుతోందనుకుందాం. వెలుతురు ఎలాగూ కావాలి కనుక అదనపు 2 వాట్లనే లెక్కలోకి తీసుకుంటే ఒక జౌలుకు 25 మెగాబిట్లు పంపినట్టు. దీపం వినియోగాన్నంతా కలిపి 11 వాట్లుగా లెక్క కడితే అదే ప్రసారం జౌలుకు నాలుగున్నర మెగాబిట్లకు పడిపోతుంది. 6 వాట్ల వైఫై పెట్టె అదే వేగంతో పంపితే జౌలుకు సుమారు 8.3 మెగాబిట్లు వస్తాయి.

అంటే మొదటి పద్ధతిలో లెక్క కడితే దీపం వైఫై కంటే మూడు రెట్లు మెరుగు. రెండో పద్ధతిలో కడితే వైఫై పెట్టెలో దాదాపు సగమే. దీపం మారలేదు, వేగం మారలేదు, లెక్క కట్టిన తీరు ఒక్కటే మారింది. కాబట్టి ఎవరైనా ఆదా శాతం చెప్పినప్పుడు వెలుతురు ఖర్చును అందులో కలిపారా, లేదా అని అడగడం తప్పనిసరి. గదిలో మనుషులుండి, వారికి వెలుతురు అవసరమైనంతసేపు మొదటి లెక్క న్యాయమైనది. వెలుతురు అక్కరలేని వేళ సమాచారం కోసమే దీపం వెలిగిస్తే రెండో లెక్కే నిజమవుతుంది.

పట్టపగలు దీపమెందుకు?

ఇంటి కరెంటు బిల్లు భాషలో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. 9 వాట్ల బల్బు రోజుకు 5 గంటల చొప్పున వెలిగితే నెలకు 1.35 యూనిట్లు ఖర్చవుతాయి. 6 వాట్ల వైఫై పెట్టె రాత్రింబవళ్లు పనిచేస్తే నెలకు 4.32 యూనిట్లు అవుతాయి. వెలిగే బల్బు కంటే మూలన ఉండే చిన్న పెట్టే ఎక్కువ విద్యుత్తు వాడుకుంటోందన్నమాట. వైఫై వినియోగాన్ని తగ్గించాలన్న ఆలోచనకు ఇదొక కారణం.

అయితే అంతర్జాలం రోజంతా కావాలని అదే 9 వాట్ల దీపాన్ని 24 గంటలూ పూర్తిగా వెలిగిస్తే నెలకు 6.48 యూనిట్లు ఖర్చవుతాయి. వైఫై పెట్టె ఆపివేసి మిగిల్చిన దానికంటే ఇది ఎక్కువ. కిటికీల నుంచి ధారాళంగా ఎండ పడే ఇంట్లో పగలు దీపం వేయడం ఆదా కాదు, దుబారా. పైపెచ్చు నేరుగా పడే సూర్యకాంతి గ్రాహకంలో అనవసరపు అలజడిని పెంచుతుంది. ఆ అలజడిని దాటి సంకేతం వినిపించాలంటే మరింత శక్తి కావాలి.

ఇక్కడ మరో పోలిక గమనార్హం. 60 వాట్ల తీగ బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టిన ఇంట్లో రోజుకు 5 గంటల వాడకంపై నెలకు 7.65 యూనిట్లు మిగిలాయి. వైఫై పెట్టెను పూర్తిగా తీసివేసినా మిగిలేది నాలుగు యూనిట్ల పైచిలుకే. ఒక ఇంటి వరకు చూస్తే పెద్ద ఆదా ఎల్‌ఈడీ రాకతోనే జరిగిపోయింది. దానికి సమాచారాన్ని జోడించడం వల్ల వచ్చే అదనపు ఆదా చిన్నది. చిన్నది కనుకనే పరికరాల్లో కొద్దిపాటి వృథా కూడా దానిని మింగేయగలదు.

నష్టం డ్రైవర్‌లోనే..

మంచి ఎల్‌ఈడీ డ్రైవర్ తీసుకున్న విద్యుత్తులో 85 నుంచి 90 శాతాన్ని, ఒక్కోసారి అంతకు మించి దీపానికి అందిస్తుంది. కానీ ప్రవాహాన్ని సెకనుకు లక్షల సార్లు కచ్చితంగా మార్చాలంటే సాధారణ డ్రైవర్ వేగం చాలదు. ప్రయోగశాలల్లో ఇందుకోసం ఎక్కువగా లీనియర్ యాంప్లిఫయర్లు వాడారు. వీటిలో క్లాస్-బి రకం సిద్ధాంతరీత్యా సాధించగల గరిష్ఠ సామర్థ్యమే 78.5 శాతం. ఆచరణలో అంత కూడా రాదు. మిగిలినదంతా వేడిగా పోతుంది. ఆ వేడి దీపం ఆయుష్షును కూడా తగ్గిస్తుంది.

అధిక వేగం కోసం వాడే ఓఎఫ్‌డీఎం పద్ధతి ఈ చిక్కును మరింత పెంచుతుంది. సరుకునంతా ఒకే లారీలో కాక పదుల కొద్దీ చిన్న బండ్లపై పంపినట్టు, ఈ పద్ధతిలో సమాచారాన్ని అనేక ఉపతరంగాలుగా విడగొట్టి ఒకేసారి పంపుతారు. ఆ తరంగాలన్నీ ఒక్కోసారి కలిసివచ్చి పెద్ద శిఖరంగా లేస్తాయి. ఎప్పుడో వచ్చే ఆ శిఖరానికి సరిపడా యాంప్లిఫయర్‌ను సిద్ధంగా ఉంచవలసి రావడంతో మిగిలిన వేళ దాని సామర్థ్యం అడుగంటుతుంది.

స్పెయిన్‌లోని ఒవియెడో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి ఒక చక్కని మార్గం చూపారు. పనిని రెండుగా విభజించడమే ఆ మార్గం. వెలుతురుకు కావలసిన నిలకడైన విద్యుత్తులో అధిక భాగాన్ని నెమ్మదిగా, సమర్థంగా పనిచేసే కన్వర్టర్ అందిస్తుంది. సమాచారానికి కావలసిన కొద్దిపాటి హెచ్చుతగ్గులను మాత్రం మరో వేగవంతమైన కన్వర్టర్ చూసుకుంటుంది. వేగం వల్ల జరిగే నష్టం మొత్తం విద్యుత్తుకు కాక కొంత భాగానికే పరిమితమవుతుంది.

దీపంలోనూ ఒక నష్టం ఉంది. ఎల్‌ఈడీలో ప్రవాహం రెట్టింపు చేస్తే కాంతి సరిగ్గా రెట్టింపు కాదు, కొంత తగ్గుతుంది. సగం సమయం పూర్తిగా ఆపి, సగం సమయం రెట్టింపు ప్రవాహంతో వెలిగించే పద్ధతిలో సగటు ప్రవాహం అంతే ఉన్నా వెలుతురు కొంత తరుగుతుంది. ఆ తరుగును పూడ్చడానికి మరికొంత విద్యుత్తు పెట్టాలి. పూర్తిగా ఆపి వెలిగించే బదులు వెలుతురును కొద్దిగా మాత్రమే పైకీ కిందికీ కదిపితే ఈ నష్టం తగ్గుతుంది. కానీ సంకేతం బలహీనపడుతుంది.

పసుపు పూతతో పేచీ

మార్కెట్లో దొరికే తెల్లని ఎల్‌ఈడీ నిజానికి నీలి ఎల్‌ఈడీయే. దానిపై పూసిన ఫాస్ఫర్ అనే పదార్థం నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. నీలి కాంతి చురుకుగా మారుతుంది గానీ పసుపు కాంతి వెంటనే ఆరదు. దానివల్ల దీపం వేగం రెండు మూడు మెగాహెర్ట్‌జ్ దగ్గరే ఆగిపోతుంది. గ్రాహకం ముందు నీలి రంగు వడపోత పెట్టి పసుపును ఆపివేస్తే వేగం దాదాపు 20 మెగాహెర్ట్‌జ్ వరకు పెరుగుతుంది. అయితే ఆ వడపోత వల్ల విద్యుత్తు ఖర్చు పెట్టి పుట్టించిన కాంతిలో అధిక భాగం గ్రాహకానికి అందకుండా పోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను విడివిడిగా పెట్టి తెలుపు కాంతిని సృష్టించే దీపాలు ఇంతకంటే వేగంగా పనిచేస్తాయి. వాటి ధర, నియంత్రణ సర్క్యూట్ల భారం మాత్రం ఎక్కువ.

మసక వెలుతురులో మరో చిక్కు

కాంతి తీవ్రత సున్నా కంటే తగ్గదు. రేడియో తరంగం పైకీ కిందికీ ఊగినట్టు కాంతి ఊగలేదు. అందువల్ల సంకేతాన్నంతా కొంత ఎత్తుకు లేపి పంపాలి. ఆ ఎత్తును బయాస్ అంటారు. సమాచారం దృష్టితో చూస్తే బయాస్‌పై పెట్టిన విద్యుత్తు వృథా. వెలుతురు దృష్టితో చూస్తే గదిని వెలిగించేది అదే. వెలుతురు అవసరమైన గదిలో వృథా అన్నది లేదు. దీపాన్ని బాగా తగ్గించుకున్నప్పుడు మాత్రం ఆ ఎత్తు మిగలదు, సంకేతం నేలను తాకి తెగిపోతుంది.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆర్థర్ లోవరీ 2006లో దీనికి ప్రత్యామ్నాయం చూపారు. బేసి సంఖ్య గల ఉపతరంగాలపై మాత్రమే సమాచారం పంపితే సున్నాకు దిగువన ఉన్న భాగాన్ని కత్తిరించినా సమాచారం చెడదని నిరూపించారు. బయాస్ భారం తప్పింది. బదులుగా ఒకేసారి మోయగల సమాచారం సగానికి తగ్గింది. గది ప్రకాశవంతంగా ఉన్నప్పుడు మొదటి పద్ధతి, మసకగా ఉన్నప్పుడు రెండో పద్ధతి మేలన్నది దీని సారాంశం.

కంటి స్వభావం కూడా ఇక్కడ కొంత మేలు చేస్తుంది. పరికరంతో కొలిచిన వెలుతురు పదో వంతుకు తగ్గినా కంటికి దాదాపు మూడో వంతు ఉన్నట్టే అనిపిస్తుంది. రాత్రివేళ ఆసుపత్రి వార్డులో తగ్గించి ఉంచిన దీపం రోగి నిద్రకు భంగం కలిగించకుండా కొద్దిపాటి సమాచారాన్ని చేరవేయగలదు. 802.15.7 ప్రమాణంలో వెలుతురు తగ్గించుకునే ఏర్పాటుకు చోటు కల్పించింది ఈ ఉద్దేశంతోనే.

తిరుగు ప్రయాణం ఎలా?

దీపం నుంచి ఫోనుకు సమాచారం వస్తుంది. ఫోను నుంచి దీపానికి తిరిగి వెళ్లేదెలా? ఫోను చేతిలో నిరంతరం తళుకులీనుతూ ఉంటే కళ్లకు ఇబ్బంది, బ్యాటరీకి భారం. అందువల్ల తిరుగు ప్రయాణానికి కంటికి కనిపించని పరారుణ కాంతిని గానీ, ఉన్న వైఫైని గానీ వాడతారు. టీవీ రిమోట్‌లో ఉండేది పరారుణ కాంతే. ఈ దిశలో ఖర్చయ్యే ప్రతి మిల్లీవాటూ అదనపు ఖర్చే. వెలుతురు పేరుతో మినహాయించుకునే వీలు దానికి లేదు.

2023లో వెలువడిన ఐఈఈఈ 802.11 బీబీ ప్రమాణం వైఫై కుటుంబంలోకి కాంతి ప్రసారాన్ని చేర్చింది. సెకనుకు 10 మెగాబిట్ల నుంచి 9.6 గిగాబిట్ల వరకు వేగానికి అది వీలు కల్పిస్తుంది. అయితే రాకపోకలు రెండింటికీ అది ఎంచుకున్నది 800 నుంచి 1000 నానోమీటర్ల మధ్య ఉండే పరారుణ కాంతిని కావడం గమనార్హం. దీనివల్ల దీపం ఆర్పినా సమాచారం ఆగదు, పగలు దీపం వెలిగించవలసిన అగత్యమూ లేదు. కానీ పరారుణ కాంతి గదిని వెలిగించదు. కాబట్టి వెలిగే దీపానికి వేరే ఖర్చేముందన్న వాదన ఆ పరికరాలకు వర్తించదు. లైఫై అని ఉన్న ప్రతి పరికరం దృశ్యకాంతితోనే పనిచేస్తుందనుకోవడం పొరపాటు.

గదికో దీపం.. దీపానికో తీగ

కాంతి గోడను దాటదు. పక్క గదిలోని వారు సమాచారాన్ని దొంగిలించలేకపోవడం దానివల్ల కలిగే లాభం. ప్రతి గదికీ వేరే ఏర్పాటు కావలసి రావడం నష్టం. నాలుగు గదుల ఇంట్లో ఒక్కో దీపానికి 2 వాట్ల అదనపు భారం చొప్పున నాలుగూ రాత్రింబవళ్లు పనిచేస్తే నెలకు 5.76 యూనిట్లు ఖర్చవుతాయి. ఇల్లంతటికీ సరిపోయే ఒక్క వైఫై పెట్టె ఖర్చు కంటే ఇది ఎక్కువ. అదే దీపం వెలిగే 5 గంటలు మాత్రమే సర్క్యూట్లు మేల్కొని, మిగిలిన వేళ పూర్తిగా నిద్రపోతే ఆ ఖర్చు 1.2 యూనిట్లకు దిగుతుంది. ఎవరూ లేని గదిలో సర్క్యూట్‌ను నిద్రపుచ్చడంలోనే ఆదా రహస్యం ఉంది.

సమాచారం దీపం వరకు చేరడానికి కూడా మార్గం కావాలి. కరెంటు తీగలోనే సమాచారం పంపడం ఒక పద్ధతి. నెట్‌వర్క్ కేబులులోనే విద్యుత్తు కూడా పంపడం మరో పద్ధతి. ఇందుకు సంబంధించి 2018లో వచ్చిన 802.3 బీటీ ప్రమాణం ఒక్క కేబులు ద్వారా 90 వాట్ల వరకు అందించేందుకు వీలు కల్పించింది. కొత్తగా కట్టే భవనంలో ఇది సులువు. పాత భవనంలో గోడలు తొలచవలసిందే. ఇక ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చే చోట ఉండే పెట్టె ఏ పద్ధతిలోనైనా పనిచేస్తూనే ఉండాలి. దాని ఖర్చు తప్పదు.

ఈ కారణాల వల్ల వైఫైని, కాంతి ప్రసారాన్ని కలిపి వాడే మిశ్రమ పద్ధతిపై పరిశోధకులు ఎక్కువగా దృష్టి పెట్టారు. జనం గుమిగూడి భారీగా సమాచారం దించుకునే చోట దీపం పనిచేస్తుంది. నీడ పడినా, దీపం ఆరినా వైఫై ఆదుకుంటుంది.

అందుకునే వైపు ఆదా

గ్రాహకం వైపు ఒక ఆసక్తికరమైన ప్రయత్నం జరిగింది. హాస్ బృందం 2015లో ఫోటోడయోడ్‌కు బదులుగా సౌర ఫలకాన్ని గ్రాహకంగా వాడి సెకనుకు సుమారు 12 మెగాబిట్ల వేగం సాధించింది. కాంతిలోని హెచ్చుతగ్గులు సమాచారంగా, నిలకడైన భాగం విద్యుత్తుగా మారడం ఇందులోని మర్మం. గది వెలుతురు నుంచి లభించే విద్యుత్తు ఫోను నడపడానికి చాలదు. అప్పుడప్పుడు కొద్దిపాటి సమాచారం పంపే ఉష్ణోగ్రత, తేమ కొలిచే చిన్న పరికరాలకు మాత్రం ఇది బ్యాటరీ భారాన్ని తగ్గించగలదు.

ఎక్కడ మేలు? ఎక్కడ వద్దు?

మన దేశంలోనూ ఈ పరిజ్ఞానాన్ని పరీక్షించారు. కేంద్ర సమాచార సాంకేతిక శాఖ పరిధిలోని ఎర్నెట్ సంస్థ ఐఐటీ మద్రాసు సహకారంతో 2018లో ప్రయోగాత్మకంగా దీనిని పరిశీలించింది. జిల్లాల్లోని సంస్థలకు ఇది ఎప్పుడు అందుబాటులోకి వచ్చినా ఎంపిక విషయంలో పైన చెప్పిన లెక్కలే దారి చూపుతాయి.

పగటిపూట కూడా దీపాలు వెలిగించక తప్పని చోట దృశ్యకాంతి ప్రసారం లాభసాటి. కిటికీలు లేని కంప్యూటర్ ప్రయోగశాలలు, శస్త్రచికిత్స గదులు, నేలమాళిగలు, భారీ గోదాములు, పెద్ద దుకాణాలు ఈ కోవలోకి వస్తాయి. ఎండ ధారాళంగా పడే తరగతి గది, వరండా, రోజుకు నాలుగైదు గంటలే దీపం వెలిగే పల్లెటూరి ఇల్లు ఈ కోవలోకి రావు. కరెంటు కోత వేళ ఇన్వర్టర్‌పై నడిచే ఇళ్లలో అదనపు వాట్లు బ్యాటరీ నిలిచే సమయాన్ని తగ్గిస్తాయన్నదీ గుర్తుంచుకోవాలి.

లైఫై దీపాలు అమర్చాలనుకునే సంస్థలు విక్రేతలను అయిదు ప్రశ్నలు అడగడం మంచిది.

* పరికరం దృశ్యకాంతితో పనిచేస్తుందా, పరారుణ కాంతితోనా?
* సమాచారం పంపుతున్నప్పుడు, పంపనప్పుడు గోడ ప్లగ్గు వద్ద కొలిచిన వాట్లు ఎన్ని?
* గదిలో ఎవరూ లేనప్పుడు సర్క్యూట్ నిద్రపోతుందా?
* దీపం వెలుతురు తగ్గించినప్పుడు వేగం ఎంత మిగులుతుంది?
* తిరుగు ప్రయాణానికి వాడేది ఏమిటి, దాని ఖర్చు లెక్కలో కలిపారా?

వీటిలో రెండో ప్రశ్నకు సమాధానం కాగితంపై కాక మీటరుపై చూసుకోవడం ఉత్తమం. ఎల్‌ఈడీ బల్బు మనకు నేర్పిన పాఠం కూడా అదే. పెట్టెపై రాసిన ఆదా నిజమని జనం నమ్మింది నెలాఖరున వచ్చిన కరెంటు బిల్లు తగ్గాకే. వెలుతురుతో వచ్చే అంతర్జాలానికీ ఆ పరీక్ష తప్పదు.